విజ్జీ, కాన్‌స్టంటైన్, విశాఖ మైదానము: నల్లజాతి క్రీడాచరిత్రతో ఉత్తరాంధ్ర సంబంధము

క్రీడలను చరిత్రకు ఆధారముగా గ్రహించు అలవాటు మన తెలుగు పరిశోధకులలో ఇంకను బలపడలేదు. శాసనములను, కైఫీయతులను, సంస్థానముల వంశావళులను శ్రద్ధతో పరిశీలింతుము. బంతియు బ్యాటును పట్టి జీవించినవారి చరిత్రను మాత్రము దినపత్రికల కడపటి పుటకు విడిచిపెట్టుదుము. విశాఖపట్టణ విషయమున ఈ ఉపేక్ష మరింత నష్టకరము. ఏలయనగా ఇరువదవ శతాబ్దమున నల్లజాతి ప్రజలు తమ గౌరవమునకై సాగించిన సంఘర్షణము ఈ తీరమునకు పుస్తకముల ద్వారమున కొంత చేరినది; క్రికెటు ద్వారమున అంతకంటె ముందుగా, అంతకంటె ఎక్కువమందికి చేరినది. అలెక్స్ హేలీ వ్రాసిన వంశకథ సహవాసిగారి అనువాదమున 'ఏడుతరాలు' అను పేరున తెలుగు పాఠకులకు అందుటకు దాదాపు అర్ధశతాబ్దమునకు పూర్వమే, బానిసల మనుమడొకడు విజయనగర రాకుమారుని జట్టులో చేరి తెలుగుగడ్డపై ఆడియుండెను. ఈ వ్యాసమున ఆ రెండవ మార్గమునే పరిశీలింతును. క్రికెటు నెరుగని పాఠకులును ఉందురు గావున ఆటలోని సాంకేతిక విషయములను అవసరమైనంత మేరకే ముట్టుదును.

ముందుగా ఒక పదవిచారము అవసరము. ఆఫ్రికా సంతతివారిని తెలుగు దేశమున 'హబ్షీ' లనియు 'సిద్ది' లనియు పిలిచెడివారు. మొదటిది ఇథియోపియాకు గల అరబ్బు పేరునుండి పుట్టినది. హైదరాబాదులో హబ్షీగూడ అను పేటకు వీరివలననే ఆ పేరు కలిగెనందురు. ఆ నగరముననే ఏ.సీ.గార్డ్స్ అను మరియొక పేట కలదు. ఆ రెండక్షరముల వెనుక నున్నది నిజాముగారి ఆఫ్రికను ఆశ్వికదళము. దాని వంశీయులు నేటికిని అచ్చట నివసించుచున్నారు, వారి మర్ఫా వాద్యము పాతబస్తీ పెండ్లిండ్లలో మ్రోగుచునే యున్నది. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున మన పత్రికలు 'నీగ్రో' అను మాటను నిస్సంకోచముగా వాడినవి. అమెరికాలో ఆ జనులే ఆ మాటను త్యజించిన పిదప మనమును క్రమముగా విడిచి 'నల్లజాతి' అనుచున్నాము. ఈ 'నల్ల' అను విశేషణముతో మనకుగల లెక్క ఇంకను తేలలేదని ముందు చూపగలను.

ఇక కథానాయకులలో మొదటివాడు. పూసపాటి విజయానంద గజపతిరాజు 1905 డిసెంబరు 28న జన్మించెను. విజయనగర సంస్థానాధీశుని రెండవ కుమారుడగుటచే ఆంగ్లపత్రికలు ఆయనను మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం అని వ్రాసెడివి. ఆటగాండ్రు విజ్జీ అనిరి. అప్పటికి విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోని భాగము. అజ్మీరులోని మేయో కళాశాలయందును ఇంగ్లండునందును చదివి, కాశీలో స్థిరపడి, అచ్చట స్వంత మైదానమును నిర్మించి, స్వంత జట్టును పోషించెను. 1930-31లో శాసనోల్లంఘనోద్యమము వలన ఆంగ్లేయుల అధికార జట్టు భారతదేశమునకు వచ్చుట మానుకొనగా, ఆ లోటును తాను పూరింపదలచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ప్రసిద్ధులను తన ధనముతో రప్పించి, భారత సింహళములందు పర్యటన జరిపించెను. దేశమంతయు ఉప్పుసత్యాగ్రహముతో కుతకుతలాడుచున్నప్పుడు ఒక తెలుగు రాకుమారుడు ఆంగ్ల ఆటగాండ్రను ఆహ్వానించుట ఎట్టి రాజకీయమో పాఠకులే ఊహింపగలరు. విజ్జీకి ఆట యెడల ప్రేమ లేదనుట అన్యాయము. కాని ఆ ప్రేమ ఎల్లప్పుడును పెద్దలకు సమీపముగా నడచెడిది.

రెండవవాడు లియరీ కాన్‌స్టంటైన్. 1901 సెప్టెంబరు 21న ట్రినిడాడు ద్వీపమున పుట్టెను. తాతముత్తాతలు బానిసలు. తండ్రి లెబ్రన్ కోకో తోటలో మేస్త్రీ. ఆయనయు క్రికెటు ఆటగాడే, 1900లోను 1906లోను వెస్టిండీసు జట్టుతో ఇంగ్లండుకు పోయి వచ్చెను. కుమారుడు న్యాయవాది కార్యాలయమున గుమాస్తాగా ప్రారంభించెను. చర్మపు రంగు వలన ఆ వృత్తిలో పైకి రాజాలనని గ్రహించి, ఆటనే జీవనోపాధిగా ఎన్నుకొనెను. 1928లో లార్డ్స్ మైదానమున మిడిల్‌సెక్స్ జట్టుపై ఒకే ఆటలో 86, 103 పరుగులు చేసి, రెండవ ఇన్నింగ్సున 57 పరుగులకు 7 వికెట్లు తీసి, ఒక్కనాటిలో ప్రసిద్ధుడయ్యెను. 1929 నుండి లాంకషైరులోని నెల్సన్ అను నేతపనివారి పట్టణమున జీతముపై ఆడెను. ఆయన ఆడిన తొమ్మిది ఋతువులలో ఆ జట్టు ఏడుమారులు లీగును గెలిచినది. ఆ పట్టణమున అంతకు ముందు నల్లవానిని చూచినవారు అరుదు. పిల్లలు కిటికీలనుండి తొంగిచూచెడివారట. 1932లో ఆయన యింట అతిథిగా దిగినవాడు సి. ఎల్. ఆర్. జేమ్స్. తరువాతి కాలమున హయిటీ బానిసల తిరుగుబాటు చరిత్రను 1938లోను, క్రికెటును వలసపాలనను కలిపి చర్చించిన గ్రంథమును 1963లోను ప్రకటించిన మహాపండితుడితడే. ఆ యింటి సంభాషణలలోనే జేమ్స్ రాజకీయమును కాన్‌స్టంటైన్ ఆటయు ఒకదానినొకటి దిద్దినవి.

1934 చివర విజ్జీ ఆహ్వానముపై కాన్‌స్టంటైన్ భారతదేశమునకు వచ్చెను. హైదరాబాదు నవాబు మొయినుద్దౌలా పేర 1930-31లో ప్రారంభమైన బంగారు కప్పు పోటీలో విజ్జీ పక్షమైన ఫ్రీబూటర్స్ జట్టున ఆడెను. ఆ ఋతువున ఆయన భారతదేశములో ఆడిన ప్రథమశ్రేణి క్రికెటు ఇదియే. ఇక్కడ కొంత నిలిచి చూడవలసియున్నది. నిజాము రాజధానిలో అప్పటికింకను ఆఫ్రికను ఆశ్వికదళము కొలువులో నున్నది. ఆ దళములోనివారి పూర్వులును, కాన్‌స్టంటైన్ పూర్వులును ఒకే ఖండమునుండి వేరువేరు సముద్రములపై కొనిపోబడినవారు. ఒక శాఖ అరేబియా సముద్రము దాటి నవాబుల అంగరక్షకులైనది, రెండవది అట్లాంటిక్ దాటి చెరకుతోటల పాలైనది. ఆ రెండవ శాఖకు చెందినవాడు, ఇప్పుడు జమీందారీ కుమారుని జట్టున వేతనమును పుచ్చుకొను ప్రముఖ అతిథి. ఈ సన్నివేశమును మన ప్రాంతీయ చరిత్రకారులెవ్వరును గమనింపక పోవుట వింత.

వింత మరియొకటి కలదు. అప్పటి వెస్టిండీసు జట్టునకు నాయకుడు తెల్లవాడై యుండవలెననునది వ్రాయని నియమము. జట్టులో శ్రేష్ఠులు నల్లవారు, నాయకులు తోటల యజమానుల వర్గమువారు. కాన్‌స్టంటైన్ ఎంతటివాడైనను నాయకత్వమునకు అర్హుడుగా ఎంచబడలేదు. హైదరాబాదు పర్యటన తరువాత ఇంగ్లండుతో జరిగిన నాలుగు టెస్టులలో రెండవదానినుండి ఆయన ఆడెను. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మొదటి ఇన్నింగ్సున 90 పరుగులు చేసెను. 1935 మార్చిలో కింగ్‌స్టన్ నగరమున తుది ఆట జరుగుచుండగా నాయకుడు జాకీ గ్రాంట్ కాలికి దెబ్బ తగిలి మైదానమును వీడవలసి వచ్చెను. అప్పుడు జట్టు పగ్గములు కాన్‌స్టంటైన్ చేతికి వచ్చినవి. ఆ ఆటయు గెలిచిరి. ఇంగ్లండుపై వెస్టిండీసునకు అదియే మొదటి పరంపరా విజయము. తెల్లవాని కాలు బెణికినగాని నల్లవానికి అధికారము రాలేదనుట ఇచ్చట అలంకారము కాదు, జరిగిన విషయము.

మన దేశమున రంగునకు బదులు కిరీటము నాయకుని నిర్ణయించినది. కొఠారి కనకయ్య నాయుడు తెలుగు కుటుంబమునకు చెంది నాగపూరున పుట్టినవాడు. 1932లో భారతదేశమునకు మొదటి టెస్టు నాయకుడైనది ఆయనయే. అదియును నియమింపబడిన పోరుబందరు మహారాజు, ఆయనకు తరువాతి స్థానమందున్న లింబ్డీ రాకుమారుడు తప్పుకొనుట వలన. 1936లో ఇంగ్లండు పోవు జట్టునకు నాయుడు బ్రదికియుండగా, ఆరోగ్యముగా నుండగా, విజ్జీ నాయకుడయ్యెను. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. ఆ పర్యటనలోనే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ నెపమున నడుమ నుండి ఇంటికి పంపివేసిరి. పర్యటన జరుగుచుండగనే విజ్జీకి సర్ బిరుదము లభించినది. ఆంధ్రుల దృష్టితో చూచినచో ఈ ఘట్టమున ఒక చేదు కలదు: త్రోసివేయబడిన శ్రేష్ఠుడును తెలుగువాడే, త్రోసి ముందుకు వచ్చిన ధనికుడును తెలుగువాడే. కాన్‌స్టంటైన్‌ను హైదరాబాదునకు పిలిపించినవానికి ఆయన ప్రతిభ తెలియును. ఆ ప్రతిభకు నాయకత్వము దక్కకుండుటలోని అన్యాయము తెలిసియుండునా? తెలిసినచో రెండేండ్లలో నాయుడి విషయమున అదే పని చేయుట ఎట్లు సంభవించెను? రంగుభేదమునకును వంశభేదమునకును కల బంధుత్వమును గూర్చి పుస్తకములు చెప్పునదానికంటె ఈ రెండేండ్ల కాలము స్పష్టముగా చెప్పుచున్నది. నాయుడుగారు మాత్రము ఆటను విడువలేదు. ఆంధ్ర జట్టు 1953-54లో రంజీ పోటీలలో ప్రవేశించినపుడు ఏబది యెనిమిదేండ్ల వయస్సున ఆ జట్టు తరఫున ఆడెను.

ఆట ముగిసిన పిదప ఈ ఇరువురును మాటను ఆశ్రయించిరి. ఈ సామ్యమును నేను యాదృచ్ఛికముగా భావింపను. ఆకాశవాణి యుగమున క్రీడాకారునికి రెండవ జన్మము ధ్వనియే. కాన్‌స్టంటైన్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు కార్మికశాఖయందు వెస్టిండియను కార్మికుల సంక్షేమాధికారిగా లివర్‌పూలున పనిచేయుచు, బీబీసీలో ప్రసంగించుచుండెను. శ్రోతలకు ఆయన కంఠము సుపరిచితము. అట్టివాడు 1943లో లండనులోని ఇంపీరియల్ హోటలున సకుటుంబముగా నాలుగు రాత్రులకు గది కుదుర్చుకొనగా, అమెరికను అతిథులు నల్లవారి సాన్నిధ్యమును సహింపరను కారణమున ఒక్క రాత్రికి మించి ఉండరాదనిరి. కాన్‌స్టంటైన్ న్యాయస్థానమున కేగెను. 1944లో న్యాయమూర్తి బిర్కెట్ ఆయన పక్షమున తీర్పు చెప్పెను. నష్టపరిహారము అయిదు గినీలు మాత్రమే, ఏలయన రంగుభేదమును నేరముగా పరిగణించు శాసనమప్పటికి లేదు, సత్రపు యజమాని ప్రయాణికునికి ఆశ్రయమీయవలెనను పాత న్యాయసూత్రముపైననే తీర్పు నిలిచినది. ఆ లోపమును కొంత పూరించిన శాసనము 1965లో వచ్చినది. నడుమ 1954లో ఆయన బారిస్టరయ్యెను, వర్ణభేదముపై గ్రంథము ప్రకటించెను. స్వదేశమున మంత్రి యయ్యెను. 1961 నుండి 1964 వరకు లండనులో ట్రినిడాడు హైకమిషనరుగా నుండెను. 1963లో బ్రిస్టలు నగరపు బస్సు కంపెనీ నల్లవారిని పనిలోనికి తీసికొనమనగా అచ్చటి నల్లజాతివారు బస్సులను బహిష్కరించిరి. రాయబారికి అట్టి కలహమున మాట్లాడుట మర్యాద కాదని పెద్దలనిరి. ఆయన మాట్లాడెను. కంపెనీ లొంగినది, హైకమిషనరు పదవి తరువాతి సంవత్సరము ముగిసినది. 1968లో బీబీసీ పాలకమండలిలో స్థానమును, 1969లో ప్రభువుల సభలో మొదటి నల్లజాతి సభ్యత్వమును పొంది, 1971 జూలై 1న మరణించెను.

విజ్జీ స్వాతంత్ర్యానంతరము సర్ బిరుదమును త్యజించెను. 1954 నుండి 1957 వరకు భారత క్రికెటు నియంత్రణ మండలి అధ్యక్షుడుగా నుండెను. 1960 ఉపయెన్నికలోను 1962 ఎన్నికలోను విశాఖపట్టణము నుండి లోక్‌సభకు కాంగ్రెసు పక్షమున ఎన్నికయ్యెను. అనగా కాన్‌స్టంటైన్ లండనున హైకమిషనరై యున్నకాలమున, ఆయనను ఒకప్పుడు తన జట్టున ఆడించినవాడు విశాఖ ప్రజల ప్రతినిధిగా ఢిల్లీలో నుండెను. విజ్జీ ఆకాశవాణిలో వ్యాఖ్యాతగా కూడ ప్రసిద్ధుడు. ఆ వ్యాఖ్యానము యొక్క దైర్ఘ్యమును గూర్చి ఒక కథ చెప్పుకొందురు. తాను వేటాడిన పులుల సంఖ్యను ఆయన వర్ణించుచుండగా, గయానా ఆటగాడు రోహన్ కన్హాయి, తుపాకి యెందుకు, అడవిలో మీ వ్యాఖ్యానము వినిపించు రేడియో నుంచినచో పులులు విసిగి చచ్చియుండునని తాననుకొంటిననెనట. కథ అతిశయోక్తి కావచ్చును. కూలీల మనుమడు రాజకుమారుని పరిహసించుటయందే దాని రుచి యున్నది గావున అది నిలిచినది.

కన్హాయి పేరు వచ్చినది గనుక మరియొక సంబంధమును సూచింపవలెను. బానిసత్వము 1830లలో రద్దయిన పిదప చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చి, బ్రిటిషువారు భారతీయులను ఒప్పందముపై కొనిపోయిరి. కలకత్తా రేవునుండి పోయినవారెక్కువ. మదరాసు రేవునుండి పోయినవారిలో తెలుగువారును తమిళులును ఉండిరి. కరీబియనులో ఈ ఇరువురకును కలిపి 'మద్రాసీ' అను ఒక్క పేరే నిలిచిపోయినది. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు 1860లో తొలి ఓడ మదరాసునుండియే చేరినది. అచ్చటి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. అచ్చట వర్ణవివక్ష శాసనములు నల్లవారినే గాక వీరిని కూడ అణచినవి. భారతదేశము 1946లోనే దక్షిణాఫ్రికాతో వర్తకమును నిలిపివేసినది. 1974లో డేవిస్ కప్పు టెన్నిసు తుదిపోటీలో ఆ దేశముతో ఆడుటకంటె కప్పును వదలుకొనుటయే మేలని నిశ్చయించినది. క్రీడను రాజకీయమునుండి వేరుచేయవలెనని ఉపదేశించువారు ఈ నిర్ణయమును నిందింపజాలరు.

కాన్‌స్టంటైన్‌కు దక్కని నాయకత్వము ఫ్రాంక్ వారెల్‌కు దక్కినది. దీనియందును భారతదేశమునకు పాత్ర కలదు. 1948-49లో వెస్టిండీసు జట్టు మొదటిమారు ఇచ్చటికి వచ్చినపుడు నాయకుడు తెల్లవాడైన గొడార్డ్. కాని 1950-51లో వచ్చిన కామన్‌వెల్తు జట్టు నాయకుడు లెస్ ఏమ్స్ గాయపడగా వారెల్ అనేక ఆటలలో ఆ జట్టును నడిపెను. ఆంగ్లేయులు ఒక నల్లవాని ఆజ్ఞలను పాటించి భారత మైదానములపై ఆడిరి. స్వదేశమున ఆయన ఆ పదవికి తగడని మరి పదియేండ్లు అనుచునే యుండిరి. జేమ్స్ తన పత్రికలో పట్టుదలతో ఉద్యమము నడుపగా 1960లో వారెల్ పూర్తి పరంపరకు నియమింపబడిన మొదటి నల్లజాతి నాయకుడయ్యెను. 1962 మార్చిలో బార్బడోసు ద్వీపమున గ్రిఫిత్ బంతి తగిలి భారత నాయకుడు నారీ కాంట్రాక్టరు ప్రాణాపాయమున పడినపుడు రక్తమిచ్చినవారిలో మొదటివాడు వారెలే. కలకత్తాలో ఆయన పేర నేటికిని రక్తదాన దినము జరుపుచున్నారు. మన విశాఖలో అట్టి స్మృతిచిహ్నమేదియు లేదు.

ఇక విశాఖ మైదానములకు వత్తము. రేవు 1933లో తెరువబడిన నాటినుండి ఈ పట్టణము దూరదేశముల నావికులను చూచుచునే యున్నది. కాని నల్లజాతి క్రీడాకారులు ఆడుటను వేలమంది ఒకచోట కూర్చుండి చూచినది తరువాతి తరమువారు. పాతపట్టణమువైపు గల ఇందిరా ప్రియదర్శిని మైదానమున 1994 నవంబరు 7న కోర్ట్నీ వాల్ష్ నాయకత్వమున వెస్టిండీసు జట్టు ఆడెను. సిద్ధు 114 పరుగులతో అజేయుడుగా నిలువ, భారతదేశము 4 పరుగుల తేడాతో బయటపడినది. అంతకంటె నా దృష్టిలో ముఖ్యమైనది 1996 ఫిబ్రవరి 23నాటి ఆట. ఆ సంవత్సరపు ప్రపంచకప్పులో ఆస్ట్రేలియావారు కొలంబోలోని బాంబుదాడి తరువాత సింహళమునకు పోనొల్లక ఆ ఆటను వదలుకొనిరి. కావున వారు మొట్టమొదట మైదానమున దిగినది విశాఖలోనే, ప్రత్యర్థి కెన్యా. తూర్పు ఆఫ్రికాకు చెందిన స్వతంత్ర దేశమొకటి తన పేర ప్రపంచకప్పున ఆడుట అదే ప్రథమము. మార్క్ వా 130 పరుగులతో ఆస్ట్రేలియా 304 చేసినది. కెన్యా 207 వద్ద నిలిచినది. కెన్నెడీ ఒటియెనో 85 పరుగులు చేసెను. ఓటమియే. కాని ఆరు దినములకే పూనాలో ఆ కెన్యావారే వెస్టిండీసును 93 పరుగులకు కూల్చివైచిరి. ఆ జట్టులో టికోలో, ఒడుంబే, ఒడోయో వంటి ఆఫ్రికనులతో పాటు అసీఫ్ కరీమ్, హితేశ్ మోదీ వంటి భారతసంతతివారును ఉండిరి. ఇదియు ఒక రాజకీయమే. 1972లో ఉగాండా తన భారతీయులను వెడలగొట్టినది, పొరుగున నున్న కెన్యాలో వారు దేశపు జట్టున ఆడుచుండిరి.

మధురవాడ సమీపమున పోతినమల్లయ్యపాలెమునందు క్రొత్త మైదానము వెలసిన పిదప వెస్టిండీసు రాకపోకలు పెరిగినవి. 2011 డిసెంబరు 2న భారతదేశమే గెలిచినది. అయినను ఆనాడు చరిత్రకెక్కినవాడు రవి రాంపాల్. పదవ స్థానమున వచ్చి 86 పరుగులతో అజేయుడుగా నిలిచెను. ఆ స్థానమున ఒకదిన పోటీలలో అంతకుముందెవ్వడును అంత చేయలేదు. ట్రినిడాడున కూలీల సంతతివాడు, తాతల ఖండపు తూర్పుతీరమున ఆఫ్రికను సంతతివారి సహచరుడై ఆడుట! జట్టు పేరు 'వెస్టిండీసు' అనుటలో ఎన్ని వలసలు ఇమిడియున్నవో ఆ దినమున అర్థమగును.

2014 నాటి వృత్తాంతము వేరు. అక్టోబరు 14న ఇచ్చట ఆట జరుగవలసి యుండగా 12న హుద్‌హుద్ తుపాను నగరముపై విరుచుకొనిపడినది, ఆట రద్దయినది. మూడు దినముల పిదప, 17న ధర్మశాలలో, టాస్ వేయుటకు నాయకుడు డ్వేన్ బ్రేవోతో జట్టంతయు నడచి వచ్చినది. జీతముల ఒప్పందమును తమ సంఘము తమను సంప్రదింపక చేసికొన్నదని వారి ఆక్షేపణ. ఆ ఆట ముగియగనే పర్యటనను విడిచి వెడలిరి. భారత మండలి సుమారు 4.2 కోట్ల డాలర్ల నష్టమును కోరినది. మన పత్రికలలో చాలవరకు వారిని ధనాశాపరులుగా చిత్రించినవి. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదముతో 1966లో వీథులకెక్కిన నగరము, ఓడరేవు కార్మికుల సమ్మెలను చూచిన నగరము, ఆ పది పదునైదుగురి సమ్మెను వేరొక దృష్టితో చూచియుండవలసినది. కాని తుపానుకు కూలిన చెట్లు, తెగిన విద్యుత్తు, నీటికొరత — వీని నడుమ నగరమునకు తీరిక యెక్కడిది?

2018 అక్టోబరు 24న ఇచ్చటనే కోహ్లీ 157 పరుగులతో అజేయుడై, అతి తక్కువ ఇన్నింగ్సులలో పదివేల పరుగులు దాటెను. షాయ్ హోప్ 123తో అజేయుడుగా నిలిచి, కడపటి బంతిని ఎల్లకు పంపి 321 వద్ద ఆటను సరిచేసెను. 2019 డిసెంబరు 18న భారతదేశము 107 పరుగులతో గెలిచినది. ఈ రెంటిని ఇంతకంటె విస్తరింపను.

విస్తరింపవలసినది 2013 నవంబరు 24. ఆనాడు భారతదేశము 288 చేయగా, వెస్టిండీసు రెండు వికెట్ల తేడాతో గెలిచినది. డారెన్ సామీ 63 పరుగులతో అజేయుడై గెలిపించెను. సెయింట్ లూసియా అను చిన్న ద్వీపమునుండి వచ్చినవాడు. తరువాత 2016లో తన నాయకత్వమున ప్రపంచ ట్వంటీ-ట్వంటీ కప్పును గెలుచుకొన్నవాడు. 2013, 2014 సంవత్సరములలో ఆయన ఐపీఎల్ పోటీలందు సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు ఆడెను. 2020లో, అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ హత్యానంతరము ప్రపంచమంతట నిరసనలు చెలరేగినపుడు, సామీ ఒక విషయము వెల్లడించెను. ఆ హైదరాబాదు జట్టులో తననును, సింహళ ఆటగాడు తిసార పెరెరాను 'కాలూ' అని పిలిచెడివారట. బలమైన గుఱ్ఱమని దాని అర్థమని తాను భావించి నవ్వుచుండెనట; అర్థము తెలిసిన పిదప ఆ నవ్వులు వేరుగా వినిపించినవి. అట్లు పిలిచినవారిలో ఒకరు తనతో మాట్లాడిరనియు, అది ప్రేమతో అన్నమాట యనిరనియు ఆయనయే పిమ్మట తెలిపెను.

ప్రేమతో అనుట అసత్యమని నేను వాదింపను. సంస్కృతమున 'కాల' శబ్దమునకు నలుపని అర్థము. హిందీ ముద్దుపేరు దానినుండి వచ్చినదే. మన తెలుగునను నల్లోడు, కర్రోడు అను పిలుపులు ప్రతి వీథిలోను వినబడును, స్నేహితులలో కోపము పుట్టింపవు. కృష్ణుని నల్లనయ్య అని కొలుచు సాహిత్యము మనది. అయినను 'నలుపు నారాయణుడు మెచ్చు' అను సామెతను జాగ్రత్తగా వినవలెను. ఎఱుపును నారాయణుడు మెచ్చునని ఎవ్వరును చెప్పనక్కరలేకపోయినది. ఓదార్పు అవసరమైనచోటనే సామెత పుట్టును. పెండ్లిచూపులనాడు ఆ సామెతను ఎవరు ఎవరితో అందురో గమనించిన, నారాయణుని మెప్పు అచ్చట ఎంతవరకు చెల్లునో తెలియును.

సామీ మాటలు వెలువడిన కొద్ది వారములకే, 2020 జూలైలో, సౌతాంప్టన్ మైదానమున మైకేల్ హోల్డింగ్ దూరదర్శన వ్యాఖ్యాతగా కూర్చుండి నల్లజాతి చరిత్రను పాఠ్యపుస్తకములనుండి తొలగించిన తీరును గూర్చి మాట్లాడెను. మరునాడు తన తల్లిని పుట్టింటివారు విడిచిపెట్టిరని చెప్పుచు కన్నీరు పెట్టుకొనెను. కారణము, ఆమె భర్త మిక్కిలి నల్లనివాడట. జమైకాలోని ఆ కుటుంబకథ ఉత్తరాంధ్ర కుటుంబములకు అపరిచితము కాదు. ఒకప్పుడు కాన్‌స్టంటైన్ బీబీసీలో చేసిన పనిని హోల్డింగ్ కొనసాగించెను: ఆటను చెప్పుటకు ఇచ్చిన ధ్వనియంత్రమును ఆటను మించినదానికై ఉపయోగించుట. మన ఆకాశవాణి విశాఖ కేంద్రము 1963నుండి పనిచేయుచున్నది. తెలుగు వ్యాఖ్యానము నేడు దూరదర్శన తెరలపై విస్తారముగా వినబడుచున్నది. ఆ వ్యాఖ్యానమునందు పరుగుల లెక్కకే గాని ఇట్టి మాటకు చోటు అరుదు. నల్లజాతి ఆటగాని వర్ణించునపుడు 'బలము', 'భారీకాయము', 'మెరుపు' అను పదములే దొరలును. బుద్ధిని, వ్యూహమును సూచించు పదములు ఇతరులకు దక్కును. బలమైన గుఱ్ఱమని సామీ ఊహించుకొన్న అర్థమే ఈ పదజాలములోను దాగియున్నది.

ఈ విషయమున పరిశోధన చేయదలచు విద్యార్థి రెండు చోట్ల ప్రారంభింపవచ్చును. ఒకటి, 1934 నవంబరు డిసెంబరు మాసముల తెలుగు దిన వారపత్రికలు: మదరాసు నుండి వెలువడిన ఆంధ్రపత్రిక, హైదరాబాదు నుండి వెలువడిన గోలకొండ పత్రిక. కాన్‌స్టంటైన్‌ను ఆ పుటలలో ఏ జాతిపదముతో సూచించిరో, ఆయన ఆటను వర్ణించుటకు ఏ విశేషణములు వాడిరో ఎత్తి వ్రాసికొనవలెను. రెండవది, 1994 నుండి 2019 వరకు విశాఖ ఆటలపై తెలుగు పత్రికలు ప్రకటించిన శీర్షికలు. ఆ రెండు జాబితాలను ప్రక్కప్రక్క నుంచినపుడు ఎనుబదియైదేండ్లలో మన భాష ఏయే మాటలను విడిచినదో, వేనిని విడువలేదో లెక్కకు వచ్చును.